ఎనిమిది తాళ్లు, ఒక మూర

సిరొంచ తహశీల్ కచేరి ముందు
జిరాక్సు దుకాణం రేకుల నీడలో నా బల్ల.
తెలుగులో మొరపెట్టుకున్నదాన్ని మరాఠీలో రాసిస్తాను.
పేజీకి ముప్పై రూపాయలు,
స్టాంపు ఖర్చు వేరే.

ఇల్లు కట్టుకునే అనుమతి ఫారంలో
పదకొండో గడి ఒకటుంది:
స్థలంలో గానీ చుట్టుపక్కల గానీ
రక్షిత వన్యప్రాణి ఏదైనా ఉన్నదా?
ఉంటే 'ఆహే', లేకుంటే 'నాహీ'.

ఇరవై ఆరేళ్లుగా ఎవరినీ అడక్కుండానే
నాహీ రాస్తున్నాను.
ఉడుమున్నా నాహీ, అలుగున్నా నాహీ,
పులి అడుగు ఫోటో తీసి తెచ్చినవాడికీ నాహీ.
ఆహే అంటే కాగితం ఆలాపల్లి పోతుంది,
గడ్చిరోలి పోతుంది,
నాగపూర్ పోయి పండుకుంటుంది.
నాహీకి ఒక్క సంతకం చాలు.

జాడి మల్లుబాయి వచ్చింది.
బరాజు వెనుక నీళ్లు రెండేండ్లు ఇంట్లోకొచ్చి
గోడల్ని బెల్లంలా నాకిపోయాయట.
మిట్ట మీద ఐదు గుంటలు మిగిలింది,
అక్కడ కట్టుకుంటుందట.
నా కలం అలవాటుగా పదకొండో గడికి పోతుంటే
"గది ఏమడుగుతుంది?" అంది.
చెప్పాను.
"ఉన్నయి గదా. ఏరుమద్ది మీద రాబందులు. ఒక జంట."

వద్దక్కా, అన్నాను.
నాగపూర్ ఎంత దూరమో వేళ్లు మడిచి చూపించాను.
ఆమె నా వేళ్లు చూడలేదు.

"మా ఇంటాయన ఊరందరి సచ్చిన గొడ్లను ఈడ్చేటోడు.
తోలు మాది, కండ వాటిది,
బొక్కలు ఎండినంక బేరగానియి.
అరగంటల ఎద్దును పంచుకునేటియి,
ఒక్కనాడు తగువు రాలే.
గప్పుడు పసులకు నొప్పుల సూది వచ్చింది.
సూది పడ్డ గొడ్డును తిని
మెడలు వాలేసి కొమ్మల మీదనే సచ్చినయి.
ఆయనొక్కడే మిగిలిండు, ఆ వాసన తోటి.
పదహారేండ్లకు మళ్లొచ్చినయి.
ఏడాదికి ఒక్కటే గుడ్డు, పంతులూ.
లేవని నా వేలు ఎట్ల అద్దుత?"

ఆహే అని రాశాను.
చెయ్యి తిరగలేదు.
బడిలో వేసిన తొలిరోజు అక్షరంలా వచ్చింది.

కాగితం పోయింది. వానలొచ్చాయి.
టార్పాలిన్ కింద మల్లుబాయి, రెండు మేకలు, ఒక ట్రంకుపెట్టె.
గార్డు వచ్చి చెట్టు వంక చూసి
మజ్జిగ తాగి పోయాడని తెలిసింది.
నేనూ ఒక ఆదివారం పోయాను, బావమరిది మోటారు సైకిల్ మీద.
పైకొమ్మన ఒకటి మెడ ముడుచుకుని కూర్చుంది,
ఫైలు కదులుతుందేమోనని
మా కచేరి అరుగు మీద కూర్చునే ముసలాళ్లలాగే.
భయం వేయలేదు. సిగ్గేసింది.
లేవని రాసినవాటిలో ఒకదాన్ని
కళ్లతో చూడటం అదే మొదలు.

దీపావళి దాటాక ఆక్షేపణ వచ్చింది:
గూటికీ కట్టబోయే గోడకూ మధ్య దూరం తెలుపలేదు.
మీటర్లలో తెలుపవలెను.

బుధవారం ఆమె భుజాన తాడుతో వచ్చింది.
గొడ్లనీడ్చిన తాడు, కొవ్వు పట్టి నల్లబడ్డ నార.
"చెట్టు మొదలు కాన్నుంచి ముగ్గు గీత దాక
ఎనిమిది తాళ్లు, ఒక మూర."

దర్జీ బొల్లయ్య టేపు అడిగి తెచ్చాను.
కచేరి మెట్ల నుంచి తాడు పరిచాం,
సాత్‌బారా కోసం వరుస కట్టినవాళ్ల కాళ్ల ముందుగా.
అది ఏ తాడో ఎరిగిన ఇద్దరు
కాళ్లు వెనక్కి తీసుకున్నారు.
మల్లుబాయి చూసింది.
కొసను ఇంకొంచెం గట్టిగా లాగి పట్టుకుంది.

పధ్నాలుగు.
ఎనిమిది పధ్నాలుగులు నూట పన్నెండు.
రాసి, సిరా పెట్టె మూత తీశాను.
బొటనవేలు గాలిలోనే ఆపి
"మూర?" అంది.

చెయ్యి నా బల్ల మీద చాపింది,
మోచేతి నుంచి నడిమి వేలు దాకా.
టేపు పెట్టాను.
నలభై మూడు సెంటీమీటర్లు.